నాలుగో లక్ష్యం

అరకులోయ,
డిసెంబరు మొదటి వారం.

వరహాలన్నకి,

ఫల్గుణ నమస్కారాలు.

గొంతు ఆపరేషనయ్యాక మీకు రెండుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లూ మీ కోడలే తీసి, "మామయ్యగారు వింటున్నారు, చెప్పండి" అంది. చెప్పాను. అటునుంచి మీ ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. సంత ఆ కొసనుంచి ఈ కొసదాకా వినబడే గొంతు మీది. ఫోన్ పెట్టేశాక కాఫీ పొడి కోసం వచ్చినవాళ్ళని కూడా పట్టించుకోకుండా షాపు ముందు అలా నిలబడిపోయాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీనికి గొంతుతో పని లేదు కదా.

మీ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. మన వర్తకుల చాంబర్ పుట్టాక మా కొండవాళ్ళలోంచి ఒకడు అధ్యక్షుడు కావడం ఇదే మొదలని దండ వేశారు, ఫొటో తీశారు. దండ తీయకముందే కిరాణా సన్యాసిరావు గారు, "ఏటి ఫల్గుణా, కొత్త సంవత్సరానికి లక్ష్యాలు పెట్టుకోవాలి. నెలాఖరు ఆదివారం మీటింగు. బేగి రాసుకుని రా" అన్నారు. కాఫీ పొడీ తేనే అమ్ముకునే నాకు లక్ష్యాలు పెట్టడం ఏం తెలుసు? ఇన్నేళ్ళూ మీరు పెడుతుంటే చెయ్యెత్తినవాణ్ణి.

నాకు ఒక్కటే తోస్తోంది. సంత ముందురోజు సాయంత్రానికే హుకుంపేట వైపు నుంచీ, పెదబయలు వైపు నుంచీ మా ఆడవాళ్ళు మూటలతో దిగిపోతారు. పొద్దున్న బయలుదేరితే సంతకి అందదు. ఇదివరకు సగంమంది మీ అరుగు మీదే పడుకునేవాళ్ళు. మీ అబ్బాయి తరుణ్ ఆ అరుగు కలిపేసి అద్దాలు బిగించి షాపు పెద్దది చేశాడు. బాగానే ఉంది, తప్పనడం లేదు. కానీ వాళ్ళిప్పుడు రోడ్డు వారన పడుకుంటున్నారు. మా అక్క రత్నప్ప కూడా. మా ఇంటికి రమ్మంటే, "మిగతావోళ్ళని ఒగ్గీసి నానెలా వత్తాను తమ్ముడా" అంటుంది.

వాళ్ళకి ఒక షెడ్డు. ఒక లైటు, ఒక పాయిఖానా, ఒక కుళాయి. ఇది లక్ష్యాల్లో పెట్టొచ్చా అన్నా? నవ్వుతారా?

మీ తమ్ముడు,
ఫల్గుణ

*

విశాఖపట్నం,
డిసెంబరు మధ్యలో.

తమ్ముడు ఫల్గుణకి,

వరహాలరావు ఆశీస్సులు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇక్కడ నాతో మాట్లాడేవాళ్ళు తక్కువ. మనవరాలి పలక నా చేతికిచ్చారు. ఏది కావాలన్నా రాసి చూపించాలి. నేను రాయడం పూర్తయ్యేలోగా అవతలివాళ్ళు లేచి వెళ్ళిపోతారు. మొన్న 'చారులో ఉప్పు లేదు' అని రాసేసరికి అందరి భోజనాలూ అయిపోయాయి. నాకు చారూ లేదు, ఉప్పూ లేదనుకో. గొట్టంలోంచి జావ పోస్తారు. తినేవాళ్ళ ముఖాలు చూసి చెప్పానంతే.

ఇక లక్ష్యాల సంగతి. ఇనుకో.

గోడకి అంటించడానికి లక్ష్యం పెట్టకు. ఎవడి మెడకి కట్టాలో ముందు చూసుకుని, ఆ తరవాత పెట్టు. ప్రతి దాని పక్కనా ఒక పేరుండాలి. 'చాంబర్ చేస్తుంది' అని రాశావా, అది ఎవడూ చెయ్యడు.

నీ షెడ్డుని మొదట పెట్టకు. వ్యాపారస్థులు ముందు తమకేం వస్తుందో చూస్తారు, అది వాళ్ళ తప్పు కాదు, నేనూ అంతే. వాళ్ళు అడిగే స్వాగత ద్వారం, బళ్ళు పెట్టుకునే చోటు, ఇలాంటివి ముందు పెట్టు. షెడ్డు నాలుగోది చెయ్యి. నాలుగో దానికొచ్చేసరికి టిఫిన్లు వస్తాయి. ఇడ్లీ చేతిలో ఉన్నవాడు రెండో చెయ్యి ఎత్తేస్తాడు. నా అనుభవం.

ఎవరో ఒకరు 'జాగా ఏదీ' అంటారు. దానికి నా దగ్గర జవాబుంది. నా గోదాం వెనక ఖాళీ స్థలం తీసుకో. కిందనుంచి వచ్చిన మాకు ఏజెన్సీలో జానెడు నేల కూడా మా పేరున ఉండకూడదు కాబట్టి అది కొండవాడైన మా బుధు పేరున ఉంది. నా దగ్గర మూటలు మోసి మోసి ముసలాడయ్యాడు వాడు. వాడి మాట వేరూ నా మాట వేరూ కాదు. వరహాలన్న ఇచ్చాడని చెప్పు. ఆ ఆడవాళ్ళ చింతపండుతో, వాళ్ళ పసుపుతో నేను ఇల్లు కట్టాను, పిల్లల్ని చదివించాను. ఒక కప్పు నేను వెయ్యలేనా?

మీటింగు ఎలా జరిగిందో పూస గుచ్చినట్టు రాయి.

నీ అన్న,
వరహాలరావు

*

అరకులోయ,
కొత్త సంవత్సరం రెండో రోజు.

వరహాలన్నకి,

గెలిచాం అన్నా. మీరన్నట్టే జరిగింది, కాకపోతే ఇడ్లీలు రెండో లక్ష్యం దగ్గరే వచ్చేశాయి. నాలుగోదానికి అందరూ చేతులు కడుక్కుని మూతి తుడుచుకుని కూర్చున్నారు.

మొదటిది ఊరి మొదట్లో లైట్ల ద్వారం. సన్యాసిరావు గారు తీసుకున్నారు. రెండోది పార్కింగు. సెలవు రోజున కార్లు గాలికొండ మలుపుదాకా నిలిచిపోతున్నాయి, నిజమే. దాని పక్కన ఎవరి పేరూ పడలేదు, ఎవరికీ జాగా లేదు. మూడోది వీధిలో ప్లాస్టిక్ ఉండకూడదని. ఐదోది వలిసె పూలు విచ్చే రోజుల్లో పూల పండగ. ఇది కీర్తిది. కాఫీ హోటల్ పెట్టిన కొత్తమ్మాయి, మీరు చూడలేదు.

నాలుగోది నేను లేచి చెప్పాను. సంత ముందురోజు ఆడవాళ్ళ విశ్రాంతి షెడ్డు అన్నాను. సన్యాసిరావు గారే అడిగారు, "మంచిదే గానీ, జాగా ఏదీ?"

"వరహాలన్న ఇస్తున్నారు. గోదాం వెనకది" అన్నాను.

ముందు కీర్తి చప్పట్లు కొట్టింది. తరవాత అందరూ. వెనక వరసలో తరుణ్ కూడా కొట్టాడు. నేను చూశాను. నాలుగో లక్ష్యం పక్కన నా పేరు రాశారు. ఫ్లెక్సీ వేయించి చాంబర్ గదిలో కట్టాం.

తరవాత సంతకి రత్నప్ప పసుపు తెచ్చింది. గోదాం వెనక్కి తీసుకెళ్ళి, ఇక్కడ గోడ, ఇక్కడ కుళాయి అని చూపించాను. తుప్పల్లో నిలబడి నడుం మీద చెయ్యేసుకుని, "నిజిమేటి? మాకోసరం సావుకార్లు కడతన్నారేటి?" అంది. నిజమే అప్పా అన్నాను. "అయితే గుమ్మం సంత వైపు పెట్టించు. మూటలు మోసుకుని సుట్టూ తిరగనేం" అంది. గుమ్మం సంత వైపే పెడదాం.

మీరు రాకపోతే శంకుస్థాపన చెయ్యను. చలి తగ్గాక రండి.

ఫల్గుణ

*

విశాఖపట్నం,
ఫిబ్రవరి.

తమ్ముడికి,

ఆసుపత్రిలో రేడియేషన్ కరెంటు పెట్టడం మొదలుపెట్టారు. మెడంతా కాలిన వంకాయలా ఉంది. ఎక్కువ రాయలేను.

షెడ్డు విషయం తొందరపడకు. ఇప్పుడే ముగ్గులు పోయకు. ఈ ఏటి వానలు వచ్చి వెళ్ళనీ. తరుణ్ లెక్కలేవో చూస్తున్నాడు. వాడికీ బాధ్యతలున్నాయి కదా. నేను వాడితో మాట్లాడతాను. మాట్లాడతాను అని రాశాను చూడు, అలవాటు పోలేదు.

రత్న బాగుందా? పసుపు ధర ఎలా ఉంది?

వరహాలరావు

*

అరకులోయ,
ఏప్రిల్ చివర.

వరహాలన్నకి,

మీకు నొప్పిగా ఉన్నప్పుడు ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆగాను. మీకు తెలియకుండా జరుగుతుంటే చెప్పకపోవడం కూడా తప్పే కదా అని రాస్తున్నాను.

గోదాం వెనక తుప్పలు కొట్టించారు. నేను సంతోషపడ్డాను. తరుణ్ నాకోసమే శుభ్రం చేయిస్తున్నాడనుకుని మనుషులకి టీలు కూడా పంపించాను. మర్నాడు కంకర లారీలు వచ్చాయి. ఆ తరవాత చుట్టూ రేకుల కంచె. మొన్న బోర్డు పెట్టారు. 'పే పార్కింగ్'. కిందనుంచి వచ్చిన ఎవరో భాగస్వామితో కలిసి తరుణ్ పెట్టాడు.

చాంబర్‌లో నెలవారీ మీటింగు పెట్టుకున్నాం. సన్యాసిరావు గారు లేచి, రెండో లక్ష్యం అందరికంటే ముందు పూర్తయిందని, అది చేసినవాడు తరుణ్ అని అభినందించారు. శాలువా కప్పారు. అధ్యక్షుణ్ణి కాబట్టి కప్పింది నేనే.

ఆ తరవాత నాలుగోదాని సంగతేమిటని అడిగాను. తరుణ్ నొచ్చుకోకుండానే చెప్పాడు. "నాన్న మాటిచ్చారు, కాదనను. కానీ అప్పుడు ఆయనకి ఒంట్లో బాగోలేదు కదా. బుధు కాగితం రాసిచ్చాడు, జాగా ఇప్పుడు మా చేతిలో ఉంది. పార్కింగ్ లేక టూరిస్టులు తిరిగెళ్ళిపోతే నష్టం అందరికీ. షెడ్డుకి ఇంకెక్కడైనా చూద్దాం బాబాయ్" అన్నాడు.

బుధు దగ్గరకి వెళ్ళాను. జాగా నీ పేరున కదా, ఏం చేశావని అడిగాను. "సావుకారు గుంటడు వచ్చి ఏలుముద్ర ఎయ్యమన్నాడు. ఏసీసినాను. సావుకారికి తెలిసే కదేటి?" అని నన్నే అడిగాడు. ఇప్పుడు బుధుకి ఖాకీ చొక్కా, ఈల ఇచ్చి ఆ గేటు దగ్గర కాపలా పెట్టారు. తన పేరున్న నేలకి తనే కాపలా.

అన్నా, మీకు తెలుసా, తెలియదా? ఆ ఒక్క మాట రాయండి. తెలియదంటే నేను తరుణ్‌తో గట్టిగా మాట్లాడతాను.

ఫల్గుణ

*

విశాఖపట్నం,
మే.

ఫల్గుణా,

తెలుసు.

జనవరిలోనే తెలుసు. తరుణ్ కాగితాలు తెచ్చి మంచం మీద పెట్టాడు. "నాన్నా, మీరు సరేనంటే బుధు వేలిముద్ర వేస్తాడు" అన్నాడు. పలక నా పక్కనే ఉంది. బలపం చేతిలోనే ఉంది. వద్దు అనడానికి రెండక్షరాలు. రాయలేదు. తల ఊపాను.

ఎందుకని నువ్వడుగుతావు. ఈ ఇంట్లో నేను మంచినీళ్ళు తాగాలన్నా గొట్టం పట్టుకునే చెయ్యి ఇంకొకరిది. నా కోడలు మంచిది, ముఖం చిట్లించకుండా పట్టుకుంటుంది. తరుణ్ నన్ను ఎత్తుకుని కారెక్కిస్తాడు. వాళ్ళకి ఎదురు చెప్పే ధైర్యం నాలో ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. గొంతుతోపాటు కోసేశారేమో అనుకుంటాను. కాదు, అది కూడా సాకే. నిన్ను వదులుకుంటే నువ్వు అక్కడెక్కడో దూరంగా ఉంటావు. వీళ్ళని వదులుకుంటే రేపు పొద్దున్న జావ ఉండదు. అంతే తమ్ముడూ.

నలభయ్యేళ్ళు ఆ కొండల్లో నన్ను సావుకారంటే పలికాను. చివరికి నేను ఒక గోడవారన మంచం మీద ఉన్న సామానుని.

నన్ను తిట్టు. కానీ రాయడం మానకు.

వరహాలరావు

*

అరకులోయ,
ఆగస్టు.

శ్రీ వరహాలరావు గారికి,

మీ ఉత్తరం అందింది. మీ ఆరోగ్యం కుదుటపడాలని చాంబర్ తరఫున కోరుకుంటున్నాం.

అర్ధ సంవత్సర సమీక్ష జరిగింది. ద్వారం పూర్తయింది. పార్కింగ్ పూర్తయింది. పూల పండగకి ఏర్పాట్లు మొదలయ్యాయి. నాలుగో లక్ష్యం పరిశీలనలో ఉంది. ఈ మాట నేను అనలేదు, నివేదికలో అలాగే రాశారు. నేను సంతకం పెట్టాను.

జాగా కోసం తిరుగుతూనే ఉన్నాను. స్కూలు వరండా అడిగాను, సంత రోజున పిల్లలకి ఇబ్బంది అన్నారు. ఆఫీసుల వాళ్ళు అర్జీ తీసుకున్నారు. వానకి మా షాపు ముందు టార్పాలిన్ కట్టాను. దాని కింద నలుగురికి మించి పట్టరు. మిగతావాళ్ళు మీ పార్కింగ్ కంచెకి ఆనుకుని కూర్చుంటున్నారు. రేకులు గాలిని ఆపుతాయి.

ఇట్లు,
ఫల్గుణ
అధ్యక్షులు

*

విశాఖపట్నం,
నవంబరు.

తమ్ముడు ఫల్గుణకి,

నువ్వు 'శ్రీ' అని రాసిన కాగితం ఇంకా తలగడ కింద ఉంది. నాకు తగినదే. దానికి జవాబు రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది.

ఒక మంచి మాట రాద్దామని ఆగాను. దసరాకి తరుణ్ మనసు బాగున్నప్పుడు పలక మీద రాశాను. 'సంత ముందురోజు ఒక్క మూల వాళ్ళకి వదులు' అని. వాడు చదివి, "చూస్తాలే నాన్నా" అన్నాడు. వదిలాడా? నువ్వు వెళ్ళి అడుగు. నా పేరు చెప్పి అడుగు. ఇప్పుడు నా పేరు ఏ పనికి వస్తుందో తెలియదనుకో.

రెండు వారాలుగా తరుణ్ ఇంటికి రావడం లేదు. ఫోన్ వస్తే కోడలు బాల్కనీలోకి వెళ్ళి మాట్లాడుతోంది. నేను పలక ఎత్తితే "ఏం లేదు మామయ్యా" అంటోంది. పూల పండగ హడావుడేమో. బాగా జరిగిందా? వలిసె పూలు ఈసారి ఎలా పూశాయి? నువ్వయినా రాయి. తిట్టడానికైనా రాయి.

వరహాలరావు

*

అరకులోయ,
నవంబరు చివర.

వరహాలరావు గారికి,

మీకెవరూ చెప్పలేదని మీ ఉత్తరం వల్ల తెలిసింది. నేను చెబుతాను.

పూల పండగ రోజే మర్నాటి సంతకి మా వాళ్ళు దిగారు. సెలవులు కూడా కలిసొచ్చాయి. అద్దాల రైలు నిండా జనం, రోడ్డు నిండా కార్లు. రత్నప్ప, ఆమె ఆడబిడ్డ కృపావతి చీపుళ్ళ మోపులు దింపుకుని కంచె పక్కన, గేటు దగ్గర కూర్చున్నారు. తరుణ్ ఏ మూలా వదల్లేదు. వదిలే వీలు కూడా లేదు, లోపల బళ్ళు కిక్కిరిసి ఉన్నాయి.

సందె వేళకి మంచు దిగింది. మీకు తెలుసు కదా, ఆ మంచులో ఎదుటి మనిషి నీడలా ఉంటాడు. ఒక వ్యాను బయటికి రావడానికి వెనక్కి వచ్చింది. బుధు ఈల వేశాడు. వ్యానులో పాటలు మోగుతున్నాయట, వాళ్ళకి వినబడలేదు. కృపావతి మంచినీళ్ళకి లేచింది కాబట్టి బతికింది. అప్ప కంచెకి ఆనుకుని కూర్చుని ఉంది. వెనక్కి జరగడానికి చోటు లేదు.

అప్పుడు నేను పూల పండగ వేదిక మీద ఉన్నాను. ముఖ్య అతిథి మెడలో దండ వేస్తున్నాను. ఎవరో పరుగెత్తుకొచ్చి కింద నుంచి చెయ్యి ఊపుతుంటే, ఆగమని సైగ చేశాను. దండ వేయడం పూర్తి చేసి అప్పుడు దిగాను.

ఇక్కడి ఆసుపత్రిలో చూసి కిందకి, విశాఖ తీసుకెళ్ళమన్నారు. బండిలో నా ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. "సీపుళ్ళు ఎవులికైనా అప్పగించినావా తమ్ముడా" అని అడిగింది. అప్పగించానన్నాను. అబద్ధం. అవి రోడ్డు మీదే పడి ఉన్నాయి. ఘాట్ సగం దిగకముందే మాటా ఊపిరీ ఆగిపోయాయి. అయినా కాగితాల కోసం కిందదాకా వెళ్ళాలన్నారు. మీ వీధి చివర నుంచే వెళ్ళాం. మీ మేడ మీద లైటు వెలుగుతోంది. ఆగలేదు. ఆగి మీకేం చెప్పను?

బుధు ఖాకీ చొక్కా విప్పి గేటుకి తగిలించి వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడు. చాంబర్ వాళ్ళు సంతాపంగా ఒక పూట షాపులు మూశారు. మంచి సీజన్‌లో మూశారని అందరూ మెచ్చుకున్నారు.

ఫల్గుణ

*

విశాఖపట్నం,
డిసెంబరు.

తమ్ముడూ,

ఏం రాసినా నీ ముందు నిలబడదు. రత్న నా షాపుకి మొదటిసారి వచ్చినప్పుడు మీ అమ్మ చెంగు పట్టుకుని వచ్చింది. బెల్లం ముక్క పెడితే సిగ్గుపడి తీసుకోలేదు. అంత గుంట.

తరుణ్ వచ్చాడు. పలక మీద 'కంచె పీకెయ్' అని రాశాను. పెద్ద అక్షరాలతో రాశాను. వాడు నా పక్కన కూర్చుని ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. "నాన్నా, నాకు నిద్ర పట్టడం లేదు. కానీ బండి నాది కాదు, నడిపినవాడు నావాడు కాదు. భాగస్వామితో ఒప్పందం ఉంది. నేనొక్కణ్ణి పీకలేను" అన్నాడు. తరవాత నా చేతిలోంచి పలక తీసుకుని, తనే తుడిచి, మళ్ళీ నా చేతికిచ్చాడు.

నొప్పి మెడ రెండో వైపుకి పాకింది. డాక్టర్లు ఇక నన్ను కొయ్యరట. అది మంచి వార్తో చెడ్డ వార్తో నాకెవరూ చెప్పలేదు, నాకే అర్థమైంది.

నెలాఖరున లక్ష్యాల మీటింగు ఉంటుంది కదా. దీనితోపాటు చాంబర్‌కి ఒక ఉత్తరం పెట్టాను. అందరి ముందూ చదువు. ఆ జాగా షెడ్డుకే ఇచ్చానని, నా మాట తప్పించవద్దని, మొదటి లక్ష్యంగా పెట్టమని రాశాను. నేను రాలేను. నా మాటగా అది చదువు. ఈసారి నాలుగోది వద్దు. ఆ సలహా ఇచ్చినవాడు మూర్ఖుడు.

వరహాలరావు

*

అరకులోయ,
డిసెంబరు ఆఖరు.

వరహాలన్నా,

నిన్న మీటింగు అయింది. మర్నాడు సంత ఉందని సాయంత్రమే పెట్టారు.

ముందు అప్పకి మౌనం పాటించారు. తరవాత మీ ఉత్తరం చదివాను. సగంలో కాగితం కీర్తికి అందించాను, మిగతాది తను చదివింది. అందరూ లేచి నిలబడ్డారు. సన్యాసిరావు గారు కళ్ళు తుడుచుకున్నారు. ఆయనే ప్రతిపాదించారు, మొదటి లక్ష్యం ఆడవాళ్ళ విశ్రాంతి షెడ్డు అని, దానికి రత్న పేరు పెట్టాలని. అందరూ చేతులెత్తారు. నా చెయ్యి లేవలేదు. ఎవరూ గమనించలేదు.

అప్పుడు తరుణ్ లేచాడు. "నాన్న మాట నేను తప్పను. వచ్చే సీజన్ అయ్యాక ఒప్పందం అయిపోతుంది. అప్పుడు జాగా ఇచ్చేస్తాను. అందరి ముందూ చెబుతున్నాను" అన్నాడు. చప్పట్లు కొట్టారు. వచ్చే సీజన్ అంటే మళ్ళీ ఈ చలి, మళ్ళీ ఈ మంచు అని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. అన్నా, ఎవరూ అబద్ధమాడలేదు, అందుకే నాకు భయం వేసింది. అక్కడున్న ఒక్కొక్కరూ మంచివాళ్ళే. ఆ మంచితనమంతా కలిపినా మనిషి పట్టేంత చోటు రాలేదు.

రెండో లక్ష్యం ఇంకో పార్కింగు. మూడోది ద్వారానికి రంగుల లైట్లు. అధ్యక్షుడిగా మళ్ళీ నన్నే అన్నారు. కాదనే ఓపిక లేదు. సరేనన్నాను. మీరు మంచం మీద తల ఎలా ఊపారో అప్పుడు తెలిసింది. అందుకే ఈ ఉత్తరం మీద మళ్ళీ 'అన్నా' అని రాశాను. క్షమించానని కాదు. మీరూ నేనూ ఒక్కచోటికే వచ్చామని.

గది తలుపు వేసి బయటికొచ్చేసరికి వాళ్ళు దిగిపోయి ఉన్నారు. మూటలు తలకింద పెట్టుకుని, రోడ్డు వారన, అదే కంచెకి ఈ పక్కగా. కృపావతి కూడా ఉంది. మనిషి సగమైపోయింది. ఎందుకొచ్చావమ్మా అంటే, "ఏటి సేసీది బావా, సిక్కుడు గింజలు ఇంట్లో ఉంచితే పురుగు పట్టీదా" అంది. చోడి జావ గిన్నె మూత తీసి నా వైపు జరిపింది.

"మీటింగులో ఏటన్నారు?" అని అడిగింది.

"కడతారట. అప్ప పేరు పెడతారట" అన్నాను.

రోడ్డు మీద ఒక బస్సు వచ్చింది, దాని వెలుతురు మా అందరి ముఖాల మీదుగా పోయింది. నేను ఆమెకి ఇవతల, రోడ్డు వైపు కూలబడ్డాను. అప్పుడు ఆమె నా చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది.

"అటు కూకోకు బావా. ఇలాగొచ్చీ, లోపలికి" అంది. తన మూట తీసి పక్కన పెట్టుకుని, అందర్నీ తలా కాస్త జరగమని నాకు చోటు చేసింది.

ఫల్గుణ